పొగ రాని బొగ్గు

డిసెంబరు 14,
ఆదివారం మధ్యాహ్నం

చెల్లెమ్మకు,

ఈ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఒక ప్రశ్న నా వెంట తిరుగుతోంది. చూడనిదాన్ని చూశానని రాస్తే అబద్ధం. మరి చూసినదాన్ని చూడనట్టు రాస్తే దాన్నేమనాలి?

ముందు క్షేమసమాచారాలు అడగాలి కదా, మర్యాద మరిచాను. నువ్వూ పాపా ఒంట్లో బాగున్నారని, మీ ఆయన మళ్లీ బట్టీ పనిలోకి వెళ్తున్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, నిద్ర సంగతి తప్ప. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. మీ ఇంట్లో ఫోన్ ఎవరెత్తుతారో తెలీదు. అందుకే సంఘం ఆఫీసుకి పంపి, నీ చేతికే ఇమ్మని కవరు మీద రాస్తున్నాను.

నీకు తెలిసిందే మళ్లీ రాస్తాను, విసుక్కోకు. వరుసలో పెట్టుకోకపోతే నాకు ఆలోచన సాగదు. చేలో తగలబెట్టే గడ్డిని మీ సంఘం బట్టీలో బొగ్గు చేస్తుంది. ఆ బొగ్గు మట్టిలో కలిస్తే అందులోని కర్బనం తరతరాల పాటు అక్కడే ఉంటుంది. పొయ్యిలో వేస్తే అంతా మళ్లీ గాల్లోకే. అందుకని గడ్డివామి నుంచి చేను దాకా ప్రతి సంచికీ ఒక క్యూఆర్ చీటీ, అడుగడుక్కీ నువ్వు తీసే ఫొటో. ఎక్కడో కూర్చున్న కంపెనీవాళ్లు ఆ ఫొటోలు చూసి భూమికి ఇంత మేలు జరిగిందని నమ్మి, సంఘానికి డబ్బు కడతారు. ఆ నమ్మకం నిజమో కాదో మట్టి తీసి చూడడం నా పని. మీ ఆడవాళ్లు నాకు గుచ్చుడు మేడమ్ అని పేరు పెట్టారని నువ్వే చెప్పావు. ఇనప గొట్టంతో చేలో దిగగానే, అదిగో వచ్చేసింది, భూమికి ఇంజెక్షన్ వెయ్యడానికి అని వెనక ఎవరో కిసుక్కుమనడం నేనూ విన్నాను.

మొన్న మట్టి తీయడానికి వచ్చిన రోజు మీ చేలో అన్నిచోట్లా గొట్టం నిండా నల్లటి మట్టే వచ్చింది. కింది మూల మాత్రం, చివరి సంచి చల్లినట్టు నువ్వు ఫొటో పెట్టిన చోట, ఉత్త మట్టి. పైన చిటికెడు నలుపు. మిగతా బొగ్గేదమ్మా అన్నాను. గాలికి పోయింది మేడమ్ అన్నావు. కాలు దిగబడే బురదలో గాలికి పోవడమేమిటని నేను నవ్వాను. నువ్వు నవ్వలేదు.

పెరట్లో నా చేతుల మీద నీళ్లు పోస్తూ చెప్పావు. చెంబు ఖాళీ అయినా వంచుతూనే ఉన్నావు. వానలకి పుల్లలన్నీ తడిసిపోయాయని, పొయ్యి ముట్టిస్తే చాలు మీ అత్తగారికి ఆయాసం ఎగదన్నేదని, నాకు పొగబెట్టి పంపేద్దామని చూస్తున్నావా అని ఆవిడ నీమీద ఎగిరేదని. సంఘం మీటింగులో పొగ రాని బొగ్గు అని మీ అందరికీ నేర్పిన మాట ఉందే, అదే మీ ఆయన నోట వచ్చిందన్నావు. సంచి భుజానేసుకుని తెచ్చి, ఇదిగో అమ్మా, పొగ రాని బొగ్గు, ఇంక నా పెళ్లాం మీద పడకు అన్నారట. మంచం పక్కన కుంపటి రాజేసి, చలిగాలి కొట్టకుండా కిటికీ సందులో గుడ్డ కుక్కి, తలుపు దగ్గరగా వేశారట. ఇన్నేళ్లకి నా కొడుక్కి బుద్ధొచ్చిందే అని ఆవిడ మురిసిపోయిందట. ఆ రాత్రి దగ్గు వినపడలేదని నువ్వూ పాపని పట్టుకుని పక్కగదిలో హాయిగా పడుకున్నావు.

తెల్లారి ఆవిడలో ఊపిరి లేదని చూసుకున్నది నువ్వే. ఆయన పరిగెత్తి నర్సుని తీసుకొచ్చేలోపల కుంపటి పెరట్లో బోర్లించావు. పోయినావిడ ముఖం ఇంత ఎర్రగా ఉందేమిటి, గదిలో నిప్పు గానీ పెట్టారా అని నర్సు నిన్ను పక్కకి పిలిచి అడిగితే లేదన్నావు. ఎందుకు అడుగుతోందో అప్పటికే నీకు అర్థమైపోయింది. తర్వాత సంచిలో మిగిలిన బొగ్గు చేలో చల్లి, మొత్తం చల్లినట్టు ఫొటో తీశావు, ఆ సంచి ఊసు ఇంకెవరూ ఎత్తకుండా. పలకరించడానికి వచ్చినవాళ్లందరితో మీ ఆయన, అమ్మ దగ్గు లేకుండా నిద్రలోనే పోయింది, అదొక్కటే నాకు తృప్తి అంటున్నారన్నావు. నిజం తెలిస్తే ఆయన బతకడక్కా అన్నావు. అప్పటిదాకా నన్ను మేడమ్ అన్నదానివి.

లెక్కకి రాని ప్రతి సంచికీ నేను కారణం రాయాలి. వానకి కొట్టుకుపోయింది అని రాస్తే అడిగేవాళ్లు లేరు. ఇంట్లో కాల్చారు అని రాస్తే ఆ ముక్క ఎవరి ఇల్లో చెప్పి మరీ సంఘంలో చదువుతారు. ఒక్క సంచి బొగ్గుతో ఆకాశం విరిగి మీద పడదు. కంపెనీ కోసమైతే ఇంత కొట్టుమిట్టాడేదాన్ని కాదు.

కానీ మీ ఇంటినుంచి బయల్దేరి, మీ ఆయన బండి తెచ్చేలోపల నడుస్తూ, మీ వీధి చివర ఒక వరండాలో మూతి విప్పిన సంచి చూశాను. పక్కనే కుంపటి. లోపల బాలింత ఉంది. ఆ ఇల్లాలితో చెప్పాను, పొగ రాకపోయినా ఈ నిప్పు గదిలో గాలిని విషం చేస్తుంది, తలుపులు మూసుకుంటే ప్రాణాలు పోతాయి అని. ఆవిడ పడీపడీ నవ్వింది. పొగే లేనిదానికి ఊపిరెలా ఆగుతుంది మేడమ్, మీ సంచులు మేం వాడుకుంటామని భయపెడుతున్నారు గానీ అంది. పక్కింటావిడ కూడా వచ్చి, ఎవరైనా పోయారా ఏమిటి, ఉంటే పేరు చెప్పండి చూద్దాం అంది. పేరు నా నాలుక చివర ఉంది. మింగేశాను.

సంఘం మీటింగులోనూ చెప్పి చూశాను. అందరూ తలలూపారు. ఇంటికెళ్లి కుంపట్లు ముట్టించుకుని ఉంటారు. ఎవరు, ఏ ఇంట్లో అని తెలిస్తే తప్ప నమ్మరు. చలి ఇంకా ముదరనే లేదు.

తూకం వేస్తే ఇట్టే తేలిపోవాల్సిన విషయమిది. ఒక పక్క ఒక మనిషి తృప్తి, ఇంకో పక్క ఎవరివో ప్రాణాలు. కాగితం మీద తేలుతోంది కూడా. కలం పట్టుకోగానే మీ ఆయన ముఖం అడ్డొస్తోంది. ఆ ముఖం పక్కకి జరిపితే బాలింత. బుధవారంతో రిపోర్టు గడువు అయిపోతుంది. అందులో కారణం రాయాల్సిన గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఏం రాస్తానో నాకు తెలీదు.

పాపకి ముద్దులు. నీ ఆరోగ్యం చూసుకో, తల్లీ.

నీ మేలు కోరే
అక్క

తా.క. ఒకటి దాచాను. అది రాయకుండా కవరు అంటించలేకపోయాను. ఆ రోజు నన్ను బస్సు ఎక్కించడానికి బండి మీద తీసుకెళ్లిన మీ ఆయన దారిలో ఆగారు. అత్తగారి గదిలో గంప కింద పెట్టిన కోడిపిల్లల్ని పిల్లి ఎత్తుకుపోయిందని నీతో చెప్పారట కదా. పిల్లి కాదు. ఆ తెల్లవారుజామున నీకంటే ముందు ఆ తలుపు తీసింది ఆయనే. పిల్లలన్నీ గంప కిందే ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయట. అమ్మకంటే ఆయాసం మేడమ్, వాటికేమొచ్చింది అని నన్నడిగారు. జవాబు తెలిసే అడిగారు. వాటిని పాతిపెట్టి, కిటికీలో గుడ్డ లాగేసి, వచ్చి నీ పక్కన పడుకున్నారట, నువ్వు చూసి లేపేదాకా. కుంపటి ముట్టుకోవడానికి మాత్రం చేతులు రాలేదట. వచ్చేపోయేవాళ్లకి అడ్డమని నువ్వే తీశావనుకుంటున్నారు. మా ఆవిడకి చెప్పకండి, తెలిస్తే ఇంక నా మొహం చూడదు అన్నారు. చెప్పనన్నాను. ఇప్పుడు ఆ మాట తప్పాను. మీరిద్దరూ కలిసి సంఘంలో లేచి నిలబడి, ఇది మా ఇంట్లో జరిగింది అని చెబుతారన్న ఆశతో తప్పానో, నా గడి నేను నింపుకోలేక నీ నెత్తిన పెట్టడానికి తప్పానో, ఎంత ఆలోచించినా నాకు తేలడం లేదు.