బకెట్లో కాలిన చదువు

సాల్మియా, కువైట్
సెప్టెంబరు, ఆదివారం

అక్కయ్యకు రాజ్యం నమస్కారాలు.

అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. మేం ముగ్గురం ప్రాణాలతో ఉన్నాం, జ్వరాలూ దెబ్బలూ ఏమీ లేవు. ఆ మాట ముందు నమ్ము, తర్వాత మిగతాది చదువు. నువ్వూ బావగారూ పిల్లలూ ఎలా ఉన్నారు? బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడి నుంచి బయటి దేశాలకు ఫోన్లు పోయి నెల దాటింది. రేడియోలో ఏం విని ఎంత బెంగపెట్టుకున్నారో అని నాకు ఇక్కడ బెంగ.

ఈ ఉత్తరం పట్టుకొస్తున్న మనిషి పేరు నాగమ్మ. కడప జిల్లా. జాబ్రియాలో ఒక ఇంట్లో పనిచేసేది. ఇరాక్ సైన్యం వచ్చిన వారంలోనే ఆ ఇంటివాళ్ళు కార్లో సౌదీ వెళ్ళిపోయారు. ఈమె పాస్‌పోర్టు వాళ్ళతోనే పోయింది. అప్పటి నుంచీ మా ఇంట్లోనే ఉంటోంది. ఎంబసీవాళ్ళు ఇచ్చిన కాగితంతో రేపటి బస్సులో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ వెళ్ళి, అక్కడ విమానం ఎక్కుతుంది. బొంబాయిలో దిగగానే దీన్ని పోస్టు చేస్తానంది.

ఇప్పుడు అసలు సంగతి. నా థీసిస్ లేదు అక్కయ్యా. కాలిపోయింది. ఎలా కాలిందో నీకొక్కదానికే చెప్తున్నాను. బావగారికి చెప్పాలో వద్దో నీ ఇష్టం.

ఇంగ్లండు నుంచి నీకు రాసిన ఉత్తరాల్లో చలి గురించీ, రోజూ తినే బంగాళాదుంపల గురించీ రాశాను. అవన్నీ నిజమే. మొదటి వారం హాస్టల్ వంటగదిలో తాలింపు వేస్తే, పొగకి గంట మోగి పిల్లలంతా నైట్ డ్రెస్సుల్లో బయట చలిలో నిలబడ్డారు. మర్నాడు నా తలుపుకి చీటీ అంటించారు, దయచేసి ఇక కూరలు వండొద్దని. క్లాసులో నా పక్క పిల్ల మా శిరీష కంటే కొద్దిగా పెద్దదంతే. నన్ను చూసి మొదట ఎవరి అమ్మో వచ్చిందనుకుందట. నా మొదటి వ్యాసం మీద మా మేడమ్, "ఇది ఒక గృహిణి రాసిన లెక్క. ఇందులో మీ మాట ఏది?" అని రాసింది. గదికొచ్చి ఏడ్చాను. తర్వాత భయపడుతూ ఆవిడ దగ్గరికి వెళ్తే, కుర్చీ చూపించి, "చెప్పండి, మీరేమనుకుంటున్నారు?" అంది. నేను ఇంగ్లీషు వెతుక్కుంటున్నంతసేపూ ఏమీ అనకుండా కూర్చుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను ఒకళ్ళు అలా అడిగి, జవాబు కోసం ఆగడం అదే మొదలు.

నీకు రాయనిది ఒకటుంది. సాయంత్రం లైబ్రరీ నుంచి హాస్టల్‌కి వస్తున్నప్పుడు రాత్రికి ఏం వండాలన్న ఆలోచన ఉండేది కాదు. వానలో తడుస్తూ వచ్చినా ఒళ్ళు తేలిగ్గా ఉండేది. అక్కడ చలికి వణికాను, ఒంటరిగా ఉన్నాను, సుఖంగా ఉన్నాను. మూడూ నిజమే.

నా థీసిస్ దేని గురించో నీకు తెలుసు. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళు ఏం తింటారు, ఎప్పుడు తింటారు, ఎంత తింటారు. చదువుకి వెళ్ళేముందే జాబ్రియాలోనూ ఫహాహీల్‌లోనూ పదిమంది దగ్గరికి తిరిగాను. యజమానురాళ్ళు ఇంట్లో లేని వేళ చూసుకుని, వంటింటి త్రాసులో వాళ్ళ పళ్ళెంలోది తూచి రాసుకున్నాను. నాగమ్మ అందులో ఒకతి. లెక్క రాయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బని ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. దానికి ఒక శాస్త్రం ఉందని, నాలాంటిది కూడా ఆ శాస్త్రంలో ఒక మాట చేర్చవచ్చని ఇంగ్లండులోనే తెలిసింది.

వేసవిలో క్లాసులు అయిపోయాయి. అక్కడే కూర్చుని సెప్టెంబరు ఆఖరులోగా రాసి ఇచ్చేద్దామనుకున్నాను. మీ మరిదిగారు ఫోన్ చేశారు. "ఇక క్లాసులు లేవుగా? రాసుకునేదేదో ఇక్కడే రాసుకో. ఇల్లు హోటల్లా తయారైంది. శిరీష రోజూ కోడిగుడ్లే తింటోంది." మా మేడమ్‌తో చెప్తే, "ఇంట్లో రాయగలరా?" అని అడిగింది. "నా ఇల్లే కదండీ, ఎందుకు రాయలేను?" అన్నాను.

జూలైలో వచ్చాను. ఒక వారం వంటిల్లు కడగడానికే సరిపోయింది. పప్పుల డబ్బాలన్నీ పురుగు పట్టి ఉన్నాయి. తర్వాత ఆయన స్నేహితులకి భోజనాలు. "ఏమ్మా దొరసాని గారూ, పప్పుచారు కాయడం గుర్తుందా, అదీ లండన్‌లోనే వదిలేసి వచ్చారా?" అని ఒకాయన. ఇంకొకాయన, "ఇంతకీ ఏం చదువుతోందండీ మీ ఆవిడ?" అని అడిగాడు. మీ మరిదిగారు నవ్వుతూ, "పనిమనుషుల కంచాలు తూస్తుందండీ" అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి పెరుగు వడ్డించాను. అలా జూలై అంతా పోయింది. కాగితాల పెట్టె తెరవలేదు, ఒక్క పేజీ రాయలేదు. ఆగస్టు మొదట్లో ఒకరోజు తెల్లారి లేచేసరికి వీధిలో ట్యాంకులు ఉన్నాయి.

తర్వాతివి మీరు వినే ఉంటారు. ఆఫీసు లేదు, బడి లేదు, బ్యాంకు లేదు. రొట్టె కోసం పొద్దున్నే లైన్లో నిలబడాలి. ఎండకి కళ్ళు తిరుగుతాయి. ఇంగ్లీషువాళ్ళనీ అమెరికావాళ్ళనీ ఇళ్ళల్లోంచి పట్టుకుపోతున్నారని చెప్పుకునేవాళ్ళు. మన జోలికి రారులే అనుకున్నాం.

ఒకరోజు నేనూ నాగమ్మా రొట్టెకి వెళ్ళి వచ్చేసరికి ఇల్లంతా పొగ. స్నానాల గదిలో ఇనప బకెట్టు, పక్కన ముక్కుకి తువ్వాలు కట్టుకుని మీ మరిదిగారు. నా పెట్టె ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. శిరీష గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"పక్క బిల్డింగులో సోదా చేస్తున్నారట. నీ కాగితాలన్నిటి మీదా ఇంగ్లండు ముద్రే. ఖలాస్, ఇక భయం లేదు" అన్నారు.

"నన్ను రానివ్వాల్సింది. ఎక్కడైనా దాచేదాన్ని."

"నీ చదువు కోసం ముగ్గురం చావమంటావా?"

బకెట్టు కడిగి బోర్లించాను. మధ్యాహ్నం అన్నం వండాను.

రెండురోజుల తర్వాత సోదాకి వచ్చారు. ఇద్దరూ మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్ళు. మమ్మల్ని చూసి "హిందీ?" అని అడిగారు. ఇండియావాళ్ళని ఇక్కడ అలాగే అంటారు. అవునన్నాం. ఫ్రిజ్ తెరిచి చల్లటి నీళ్ళు తాగారు. టేపు రికార్డరు తీసుకుని వెళ్ళిపోయారు. ఒక్క కాగితం వైపు కూడా చూడలేదు.

వాళ్ళు చూసి ఉండొచ్చు అక్కయ్యా. ఆయన భయం అబద్ధం కాదు. ఆ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ ఆ సాయంత్రం బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే అడుగున ప్లాస్టిక్ సంచీ తగిలింది. బయటికి తీశాను. ఆయన ఇంజనీరింగ్ సర్టిఫికెట్లు, కంపెనీ ఉత్తరాలు, ప్రమోషన్ కాగితం. ఆయన కంపెనీ ఏ దేశానిదో నీకు తెలుసుగా.

"మరి వీటి మీద ఉన్నది ఏ దేశం ముద్రండీ?" అని అడిగాను.

"అవి ఉద్యోగం కాగితాలు. అవి లేకపోతే రేపు అన్నం ఎక్కణ్ణించి వస్తుంది?"

"డబ్బాలో ఇంకా చోటుంది."

"అది వేరు, ఇది వేరు" అని పేపరు తీసుకున్నారు. నెలకిందటి పేపరు.

ఆ రాత్రి శిరీష తన మార్కుల లిస్టు తలగడ గలీబులో పెట్టి కుట్టేసుకుంది. నేను చూడనట్టే ఉన్నాను.

నాగమ్మ మాత్రం నన్ను ఊరుకోనివ్వలేదు. "ఏమ్మా, కాలిపోతే కాలిపానీ. నన్ను మళ్లా అడుగు, చెప్తా. మామా పారేసే రొట్టెలు తిన్నదాన్ని, యాడ మర్సిపోతా?" అంది. తను పనిచేసిన ఇంటావిణ్ణి మామా అంటుంది. శిరీష పాత నోటుబుక్కులో రోజూ మధ్యాహ్నం కూర్చుని రాసుకున్నాను. చెప్పినదంతా రాయగలిగాను. తూచినది మళ్ళీ రాదు. మిగతా తొమ్మిదిమందిలో ఇద్దరు వెళ్ళిపోయారని తెలిసింది. మిగిలినవాళ్ళు ఎక్కడున్నారో, అసలు తింటున్నారో లేదో తెలియదు. మొదటి రెండు అధ్యాయాలు మాత్రం మేడమ్ దగ్గరున్నాయి. నాకున్న ఆశ అదొక్కటే.

మీ మరిదిగారు ఇక్కడే ఉంటారట. ఇల్లు వదిలితే సామాను పోతుందని, కంపెనీ మళ్ళీ తెరుస్తారని. నన్నూ ఉండమన్నారు. నేను వెళ్ళి ఇండియన్ స్కూల్లో రాసుకుంటున్న బస్సుల లిస్టులో నా పేరూ శిరీష పేరూ ఇచ్చి వచ్చాను.

"నన్నడక్కుండానా?" అన్నారు.

"మీరు అడిగే కాల్చారా?"

మూడోరోజు ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "పప్పుకి నీళ్ళెన్ని పొయ్యాలి?" అని అడిగారు. చెప్పాను. పక్కన నిలబడి పోయించాను కూడా. చారు పెట్టడం ఇంకా రాలేదు. మా వంతు వచ్చేలోపు నేర్పుతాను. ఆయన మీద కోపం లేదని రాయలేను. ఆయన్ని ఇక్కడ వదిలి రావడం తేలిక అని కూడా రాయలేను.

మా వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చాక తిన్నగా మీ ఇంటికే వస్తాం. మీ మేడ మీద గదిలోని పచ్చళ్ళ జాడీలు కిందికి దింపించి ఒక బల్లా కుర్చీ వేయించు. విశ్రాంతికి రావడం లేదు. చుట్టాలు చూడ్డానికి వస్తే నిద్రపోతోందని చెప్పు. శిరీషని ఏ స్కూల్లోనైనా చేర్చుకుంటారేమో బావగారిని కనుక్కోమను.

బావగారికి నా నమస్కారాలు. పిల్లలకి ఆశీస్సులు. పిన్నిగారికి మేం బాగున్నామనే చెప్పు, ఈ వయసులో ఆవిడకి ఇవన్నీ ఎందుకు.

చివరగా ఒక పని, ఇది మాత్రం ఆలస్యం చెయ్యకు. మా మేడమ్ అడ్రసు విడిగా చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. ఉత్తరం అందిన రోజే ఆవిడకి టెలిగ్రాం ఇవ్వు. రాజ్యలక్ష్మి బతికే ఉంది, కాగితాలు పోయాయి, మళ్ళీ రాస్తుంది, గడువు కావాలి అని. ఎలా పోయాయని రాయొద్దు. యుద్ధంలో పోయాయని రాయి చాలు. ఇంట్లో పోయాయంటే ఆవిడకి వివరించడానికి టెలిగ్రాం చాలదు. నీకైతే వివరించనక్కర్లేదు.

నీ ఆశీస్సులు కోరుకునే
చెల్లెలు
రాజ్యం