ఆరు వరసల సుబాబుల్

2023 జూలై 16, ఆదివారం

సుబాబుల్ మొక్కలు పెట్టడం అయింది. అరవై. ఆరు వరసలు. నడుం పడిపోయింది.

ఎకరన్నర నేల పేరుకే. వాన పడితే బురద, ఆగితే పగుళ్ళు. నాలుగు బర్రెలు ఎండలో నాలుక బయటపెట్టి రొప్పుతుంటే పాలెక్కడి నుంచి వస్తాయి? పశువుల డాక్టర్ ప్రాజక్త మేడమ్ చెప్పింది: చెట్ల మధ్య గడ్డి పెరుగుతుంది, పైన నీడ, ఆకు మేత, వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి, ఏడాదిన్నర దాకా కొమ్మ కొట్టొద్దు అని. మా ఆయన గాలయ్య మూతి తిప్పాడు. చుట్టూ గోడౌన్లు లేస్తుంటే మనం అడవి పెంచుడేంది అన్నాడు. చివరికి షరతు మీద ఒప్పుకున్నాడు. రెండేళ్ళకు ముప్ఫై చెట్లయినా నిలబడాలి. లేదంటే బర్రెలు అమ్మేసి, నేల గోడౌన్‌కు ఇచ్చేస్తాడు.

బ్రోకర్ ముఖేష్ అప్పుడే రెండుసార్లు వచ్చి చాయ్ తాగి పోయాడు. వాడి సెంటు వాసన పోవాలని తలుపులన్నీ తెరిచిపెట్టాను.

జూలై 18

గాలికి మొక్కలన్నీ పడుకున్నాయి. కర్రలు పాతి కట్టాం. బర్రెలు చూసే నాగయ్య గోనె నార తెస్తానన్నాడు. నాలుగు వానలకు కుళ్ళిపోయే నార ఎందుకు, మన మగ్గాల కార్ఖానాలో వేస్టు పాలిస్టర్ దారం బస్తాలకొద్దీ పడి ఉంది కదా అన్నాను. అరవైకీ నేనే కట్టాను, బిగించి. పన్నెండో ఏట నుంచి కండెలు చుట్టిన చేతులు ఇవి. గుడ్డ చిరగాలి తప్ప నా ముడి జారదు.

2024 మే 2

పెద్ద బర్రె మొదటిసారి నీడలో పడుకుంది. నీడ చారెడే. అయినా వెతుక్కుని మరీ పడుకుంది.

ఆగస్టు 20

నాలుగో వరసలో ఆకులు పసుపెక్కాయి. మందు కొట్టించాను. మా ఆయన చూసి ఈల వేసుకుంటూ పోయాడు. అంత సంతోషమా! ఛీ.

సెప్టెంబర్ 3

గాలికి ఐదు చెట్లు నడిమికి విరిగాయి. సాయంత్రం నిజాంపురా బజారుకు వెళ్తే అక్కడ ముఖేష్ ఎదురై, స్వర్ణ వదినా చెట్లెట్లున్నయి అని పళ్ళికిలించాడు. వీడికెలా తెలిసింది? మన ఇంటి కూడు తినేవాళ్ళెవరో కబుర్లు మోస్తున్నారు.

సెప్టెంబర్ 9, పొద్దున 7

దొంగ దొరికాడు. నాగయ్య!

పాలకొచ్చినవాళ్ళు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. వీడు మూడో వరసలో నాలుగో చెట్టు దగ్గర వంగి ఉన్నాడు. చేతిలో బ్లేడు. కళ్ళారా చూశాను. గుండె మండిపోయింది. ఒరేయ్, ముఖేష్ దగ్గర ఎంత తిన్నావురా అని అరిచాను. అమ్మా, గట్ల కాదు, ముడి అని ఏదో నసిగాడు. నోర్మూయ్ అన్నాను. పన్నెండేళ్ళు నా చేతి అన్నం తిన్నాడు. అందరూ చూస్తుండగా గేటు బయటికి నడిపించాను. బ్లేడు అక్కడే పడేసి, తువ్వాలు భుజాన వేసుకుని పోయాడు. తిరిగి చూడలేదు. సిగ్గుంటే కదా చూడటానికి.

అదే రోజు, రాత్రి

పేడ నేనే ఎత్తాను. వాంతి అయింది.

2025 ఫిబ్రవరి 23

మా ఆయన వచ్చి చెట్లు లెక్కపెట్టాడు. ఇరవై మూడు. ముప్ఫై లేనే లేవు, రెండేళ్ళు నిండేదాకా ఎందుకు అన్నాడు. నాగయ్య ఏదో విషం పెట్టి చంపాడు, నేల తప్పు కాదు, ఇంకో ఏడాది ఆగు అన్నాను. వాడు పోయి ఆర్నెల్లాయె, పోయినంక ఎట్ల చంపిండు అని అడిగాడు. ఈ నేలకు చెట్టు పడదు, నేను ముందే చెప్పిన అన్నాడు. మార్చి పదిహేనున ముఖేష్ కాగితాలు తెస్తాడట.

మార్చి 4

పొయ్యిలోకని ఒక ఎండు చెట్టు వంచాను. సరిగ్గా కట్టు దగ్గరే పటుక్కుమంది. విరిగిన చోట బెరడు లోపల, కట్టె లోపల, దారం. నా ముడి.

చెట్టు లావెక్కింది. దారం సాగలేదు. గొంతు నులిమినట్టు నులిమేసింది. ఇంకొకటి విరిచాను, ఇంకొకటి. అన్నీ అంతే. ఒక్క ముడీ జారలేదు.

బతికిన ఇరవై మూడింటి దగ్గరికీ పోయాను. మొదటి రెండు వరసలు, మూడో వరసలో మూడు. దేనికీ దారం లేదు. మొదళ్ళలో కోసిన ముక్కలు పడి ఉన్నాయి. నాలుగో చెట్టుకు ఉన్న దారం సగమే తెగి ఉంది. నాగయ్య దాన్ని కోస్తుండగానే నేను అరిచాను.

నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఒరేయ్ అన్నాను.

మార్చి 5

మా ఆయనకు చెప్పలేదు. చెట్ల కబుర్లు ముఖేష్‌కు మోసింది ఆయనే అయి ఉంటాడు.

మార్చి 8

ఇవాళ కూడా చెప్పలేదు. తప్పు నేలది కాదు, దారానిది అని చూపిస్తే చాలు, నేల మిగులుతుంది. అంత సులువు. అయినా నోరు రావడం లేదు. చెట్లు చంపింది స్వర్ణ, దొంగ ముద్ర వేసింది నాగయ్య మీద అని బజారంతా అంటుంది. పొలం పోతేపోయింది, పరువు మిగలాలి అనుకునే ముండని నేనని నాకు ఇవాళే తెలిసింది. అద్దంలో మొహం చూసుకోబుద్ధి కాలేదు.

మార్చి 14

నాగయ్య కోసం ధామన్‌కర్ నాకా చౌరస్తా దాకా ఆటోలో వెళ్ళాను. గోడౌన్ లోడింగ్ పనికి నిలబడ్డ కూలీల గుంపులో నాగయ్య కనిపించాడు. చిక్కిపోయాడు. దిగకుండానే ఆటో తిప్పించాను. థూ, నా మొహం.

మార్చి 15

మళ్ళీ వెళ్ళాను. దిగాను. తీసుకొచ్చాను.

అదే గేటు, పాలకొచ్చిన అదే జనం. ముఖేష్ కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. చెట్లను చంపింది నేను, బతికించింది ఈయన అన్నాను. మా ఆయన కట్టెలో దిగిన దారం చూశాడు. గోటితో లాగి చూశాడు, ఊడలేదు. ఇంకో ఏడు చూద్దాం, కాగితాలు తీసుకపో అని ముఖేష్‌తో అన్నాడు.

పనిలోకి రమ్మని నాగయ్యను బతిమాలాను. రాను అన్నాడు. గీ మాట గీడనే అన్నవు, గది చాలు తల్లీ అన్నాడు. పోయేముందు రెండు కొమ్మలు విరిచి పెద్ద బర్రె ముందు వేశాడు. అది ఒక్క ఆకు మిగల్చకుండా తింది.

నాకు ముద్ద దిగలేదు.