బుగ్గన జింకు

అక్కయ్యకు నమస్కారం,

క్షేమమని రాద్దామనుకున్నాను గానీ డాక్టరు ఒప్పుకోవడం లేదు. మాత్రలు వాడుతున్నా షుగర్ దిగలేదట. వచ్చే పరీక్షకీ దిగకపోతే రోజూ ఇన్సులిన్ సూది తప్పదన్నాడు. సూది పేరెత్తితేనే నేను వీధిలోకి పరిగెడతాను, నీకు తెలుసు. భయంగా ఉంది.

నీ తమ్ముడు

తా.క. తీపి మానేశావా అని అడిగాడు. మానేశానన్నాను. కేకుల కొట్టు నడిపేవాణ్ణి, క్రీము రుచి చూడటం తినడం కిందికి రాదు కదా.

తమ్ముడికి ఆశీస్సులు,

ఇదంతా ఖనిజాల లోపం. పత్రికలో చదివాను. ఒంట్లో జింకు రవ్వంత తగ్గినా షుగర్ పెట్రేగిపోతుందట. జింకు మాత్రల సీసా పంపుతున్నాను. పొద్దునొకటి, సాయంత్రమొకటి. డాక్టరు మాత్రలు మానకు, నాకు ఎదురు చెప్పకు.

అక్క

తా.క. గోడల చెమ్మకు మందు కూడా ఆ పత్రికలోనే చూశాను. గోడ అలాగే ఉంది గానీ చెమ్మ పెరగలేదు.

అక్కయ్యకు,

మొదలెట్టాను. ఇంత అన్యాయపు రుచి నా జన్మలో ఎరగను, తాళంచెవి చప్పరించినట్టుంది. ఒక్కోటి కరిగేసరికి తెల్లారిపోతోంది. నాలుక మొద్దుబారి ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియడం లేదు. అందుకని రుచి చూసే పని నీ మరదలికి అప్పగించాను.

నీ తమ్ముడు

తా.క. ఆవిడ బతిమాలించుకోలేదు.

తమ్ముడికి,

నాలుకనే అంత పట్టిందంటే అసలు సరుకన్నమాట. ఇక రక్తం సంగతి చెప్పాలా? క్రోమియం, మెగ్నీషియం కూడా పంపుతున్నాను. నీ షుగర్ దిగిందని వీధంతా చెప్పేశాను, కాబట్టి దించుకో.

అక్క

తా.క. పక్కింటాయన జింకు కొన్నాడు. ఆయనకు షుగర్ లేదు, నా మీద గౌరవం ఉంది.

అక్కయ్యకు,

షుగర్ దిగింది. సూది తప్పింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను.

నీ ఖనిజాల సంగతి చెబితే డాక్టరు ఎలా వేసుకుంటున్నావన్నాడు. బుగ్గన పెట్టుకుని చప్పరిస్తున్నానన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నీళ్లతో మింగాలట. నువ్వు రాయలేదు. ఖనిజాలతో షుగర్ దిగుతుందని గట్టిగా చెప్పలేమని, నోట్లో అది ఉన్నన్నాళ్లూ క్రీము లోపలికి పోలేదు కాబట్టే దిగిందని తేల్చాడు. లోపం ఉందని పరీక్షలో తేలితే తప్ప వాడొద్దన్నాడు. వీధిలో మాత్రం ఈ ముక్క చెప్పకు.

కొట్టుకి గిరాకీ పెరిగింది. నీ మరదలు తనకు తృప్తయ్యేదాకా పంచదార కలిపిస్తోంది, పైగా గిన్నె గిన్నెకీ రుచి చూస్తోంది.

నీ తమ్ముడు

తా.క. మెగ్నీషియం వేసుకున్న రోజు కొట్టు తెరవలేదు. కారణం ఉత్తరంలో రాసేది కాదు.

ఇంకో తా.క. నీ మరదలికి ఈమధ్య ఒకటే దాహం. నిన్న పరీక్ష చేయించాం. షుగరట. జింకు సీసా వెతికి పట్టుకుని తనూ బుగ్గన పెట్టుకుంది, ఎవరు చెప్పినా ఉమ్మడం లేదు. కొట్లో క్రీము రుచి చూసే దిక్కు లేదు. నీకు షుగర్ లేదు కదా, ఎప్పుడు బయల్దేరుతున్నావు?