చోడిపిండి సారె

నరసన్నపేట బావకి,

చెల్లి క్షేమం. నువ్వు అమ్మే సన్నబడే పొడి మూడు నెలలు తాగి, అన్నం మానేసి, మా ఊళ్లో బస్సు దిగుతూనే కళ్లు తిరిగి పడింది. డబ్బా మీద అచ్చేసిందంతా చదివాను. తిండి తప్ప అన్నీ ఉన్నాయి. మీ మేనకోడలి పెళ్లిలో, "అంబలి తాగే ముసిలోడివి, నీకేటి తెలుస్తాది?" అని పదిమందిలో నన్ను నవ్వులపాలు చేశావు. ఇరవై రోజులుగా చెల్లికి ఆ చోడి అంబలే, అదే మీ టౌనోళ్ల రాగిజావే, పోశాను. నిన్న రామతీర్థం కొండెక్కి దిగి, "అన్నియ్యా, ఆకలేస్తన్నాది, బేగి వడ్డించు" అంది. ఇన్నేళ్లలో అంత కమ్మని మాట వినలేదు.

శుక్రవారం దిగబెడతాను. సారెగా నూటపదహారు చోడిపిండి ఉండలు తెస్తున్నాను. పుట్టింటి సారె వీధిలో ఇంటింటికీ పంచాలి కదా. నువ్వు పొడి అమ్మిన ఇళ్లతోనే మొదలుపెడదాం.

నీ బావమరిది