నెట్‌లో నీ వీపు

మావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్న చర్చిలో జ్ఞాపకార్థ కూటం అయ్యాక, మన లిల్లీ కాలేజీ రిజల్టు చూసుకుంటానంటే దానితో సెక్టర్ 2 నెట్ కేఫ్‌కి వెళ్లాను. పాసైంది. ఆ సంతోషంలో ఊరికే మన ఊరి పేరు "భిలాయి" అని కొట్టి ఫోటోలు వెతికింది. మొట్టమొదట నీ వీపే వచ్చింది.

ఎవరో పత్రికవాళ్లు స్టీలు ప్లాంటులో ఫర్నేసు దగ్గర తీసిన ఫోటో. కెమెరా చూడగానే మొహం తిప్పేసుకుని ఉంటావు. కింద పేరు లేదు, "ఒక కార్మికుడు" అని మాత్రం రాశారు. నాకు పేరెందుకు? మన వీధిలో తీగల మీద ఆరేసిన యూనిఫాం చొక్కాలన్నీ ఒకేలా ఉంటాయని ప్రతి ఇంటావిడా ఓ గుర్తు కుట్టేది కదా. నీ కాలరు కింద నేను కుట్టిన పసుపు పువ్వు తెర మీద మెరుస్తోంది. "తోటోళ్లు నవ్వుతన్నారే, తీసీయే" అని ఎన్నిసార్లు విసుక్కున్నావో!

"అమ్మా, నాన్న పేరెట్టమని ఆళ్లకి మెయిల్ సేత్తాను. దునియా అంతటికీ తెలుస్తాది" అంది లిల్లీ.

"వద్దే. పేరెడితే మీ నాన్న సిగ్గుతో సచ్చిపోతాడు" అనేశాను. ఒకరి మొహం ఒకరం చూసుకుని ఇద్దరం నవ్వేశాం.

ఇప్పుడు ఎవరు భిలాయి అని వెతికినా ముందు నా కుట్టే కనిపిస్తుంది. నవ్వుకోమను నీ తోటివాళ్లని.

నీ మేరీ