దేముడమ్మత్త కన్ను

అమ్మకి లోకనాధం దండాలు. నేను కులాసా. ఈనిన గంట రెండు గంటల్లోపే దూడ జున్నుపాలు తాగాలని, లేపోతే రోగాలకి నిలవలేదని మొన్న మా పశువుల కాలేజీలో మేష్టారు సెప్పినారు. మనం ఆవుకి మావి పడేదాకా దూడని పొదుగు ముట్టనివ్వం కదా. నిరుడు మన దూడ పోయినాది అందుకేనమ్మా, ఎదురింటి దేముడమ్మత్త కన్ను తగిలి కాదు. అత్తని వాకిట్లో నిలబెట్టి తిట్టినోళ్ళలో నేనూ ఉన్నాను. ఈసారి ఎర్రావు ఈనగానే ముందు దూడకి తాగించు. నాన్నకి దగ్గు తగ్గినాదా? నా గొంగళి పంపు. కవరు దొరక్క కాదు కార్డు రాసింది. పోస్టుమేను మన అరుగు మీద కూకుని గట్టిగా సదువుతాడు కదా, వీధంతా ఇనాల. అత్త కాళ్ళకి నా దండాలు.