న్యాల్‌కల్ బావిలో దొరికిన తల

జహీరాబాద్,
11 ఫిబ్రవరి 1979

నా గిరిజకు,

న్యాల్‌కల్‌లో మా చేను బావిలో దొరికిన రాయిని నీకు పంపుతానని మా ఆయన ఉత్తరం రాశారట. నిన్న అన్నం తింటూ చెప్పారు. ఆ రాయి నేను పంపను. నువ్వు ఎదురుచూస్తూ కూర్చోకూడదని ముందే రాస్తున్నాను.

ఎండలు ముదరకముందే బావి లోతు చేయిద్దామని పనివాళ్లను దింపితే, నల్లరాయి కింద తెల్లటి సున్నపురాయి తగిలింది. నత్తగుల్లలు నిండిన పొర. కిందటేడు నువ్వు శిలాజాల కోసం మా ఊళ్ల చుట్టూ వెతికింది అదే. పగిలిన ముక్కలో ఏదో కన్ను కనబడుతోందని పనివాళ్లలో నర్సింలు ఒక రాయిని పైకి తెచ్చి గట్టు మీద పెట్టాడు. చూశాను. కంటిగుంట, దాని ముందు చిలుక ముక్కులా వంగిన దవడ అంచు. పళ్లు లేవు. తాబేలు తల, గిరిజా. నీకు ఇన్నేళ్లూ డొప్ప ముక్కలే దొరికాయి. తల దొరకలేదు.

ఎందుకు పంపనో దాచను. నీ మీద నాకు అసూయ. కిందటేడు జనవరిలో నువ్వు భుజాన సంచీ, చేతిలో సుత్తి పట్టుకుని బస్సు దిగిన పూట మొదలైంది. మగవాళ్లు తిని లేచాక గానీ నాకు కంచం పెట్టని మా అత్తమ్మ నర్సమ్మ, నిన్ను వాళ్ల పక్కనే పీట వేసి కూర్చోబెట్టి వేడి జొన్నరొట్టె వడ్డించింది. మా ఆయన నిన్ను మోటార్ సైకిల్ మీద కోహీర్ దాకా, ఝరాసంగం దాకా తిప్పి బావులన్నీ చూపించారు. వీధిలో వాళ్లు నాకేసి జాలిగా చూశారు. ఆయన మనసు నీ మీదికి పోయిందేమోనని నేనూ కొన్నాళ్లు అనుకున్నాను. నిజంగా అదే అయ్యుంటే నాకు సులువుగా ఉండేది. ఏడ్చేదాన్ని, పోట్లాడేదాన్ని, నలుగురూ నా వైపు ఉండేవాళ్లు. కానీ సాయంత్రం మీరిద్దరూ తిరిగొచ్చినప్పుడు నా కళ్లు ఆయన ముఖం మీదికి పోయేవి కావు. నీ సంచీ మీదికి పోయేవి.

ఒకరోజు పెరట్లో డొప్ప ముక్కలు కడుగుతూ, "సుమీ, ఇది వీపు వైపుది, ఇది పొట్ట వైపుది" అని నాకు పాఠం చెప్పావు. పిల్లలకు చెప్పినట్టు చెప్పావు. హాస్టల్లో పరీక్షల ముందు ఆ ఎముకలన్నీ నీకు బొమ్మలు గీసి నేర్పింది నేనే. నువ్వు మరిచిపోయావని నాకు అప్పుడు తెలిసింది. తరవాత నీ వ్యాసం అచ్చయి వచ్చింది. చివర, ఆతిథ్యమిచ్చిన శ్రీమతి శివరాజ్‌కు కృతజ్ఞతలు అని రాశావు. నా పేరు కూడా కాదు.

అప్పట్లో మనిద్దరికీ రీసెర్చ్ సీటు వచ్చింది. నేను వదులుకుని పెళ్లి చేసుకున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు, ఆయన నచ్చే చేసుకున్నాను. అందుకే నెపం వేయడానికి ఎవరూ దొరక్క, అదంతా వచ్చి నీ మీద పడింది.

రాయి పంపనంటే ఆయన కంచం పక్కకు జరిపారు. "నేను మాట ఇచ్చిన సుమిత్రా. గిప్పుడు లేదంటె నా ఇజ్జత్ ఏమైతది?" అన్నారు.

"మాట మీరిచ్చిన్రు. రాయి నేనిస్తలేను" అన్నాను.

అత్తమ్మ మధ్యలోకొచ్చింది. "ఆ పిల్ల సదువుకున్నది, దానికైతె పనికొస్తది. నీకెందుకే గా రాయి?"

"నేను గూడ గదే సదువుకున్న, అత్తమ్మా."

రాయి ఇప్పుడు మా పెరట్లో, గడ్డివాము పక్కన గోనెసంచీ కప్పుకుని ఉంది. అందులోంచి ఆ తలను నేనే విడదీస్తాను. నాకు చేతకాకపోతే పాడవుతుందని నువ్వు భయపడతావు. భయపడు. ఆ భయం కొన్నాళ్లు నీకూ ఉండనీ.

నిన్ను ప్రేమించడం మాత్రం మానలేని
సుమిత్ర

*

జహీరాబాద్,
20 సెప్టెంబర్ 1981

గిరిజా, నా తల్లీ,

రెండేళ్లు పైబడింది. నువ్వూ రాయలేదు, నేనూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పదు.

తల రాయిలోంచి విడివడింది. స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చాక వెలుగు ఉన్నంతసేపూ పని చేసేదాన్ని. ఎసిటిక్ యాసిడ్‌ను బాగా నీళ్లు కలిపి ప్లాస్టిక్ తొట్టిలో పోసి, రాయిని నానబెట్టి, సున్నం కొంచెం కరగగానే తీసి కడిగి, పైకి తేలిన ఎముకకు పలుచటి జిగురు పూసి ఆరబెట్టి, మళ్లీ నానబెట్టడం. ఒకసారి తొందరపడి ఎక్కువసేపు ఉంచాను. ముక్కు దగ్గర ఎముక పొడిలా రాలిపోయింది. రెండు రోజులు అన్నం సయించలేదు. మా ఆయన ఏమీ అడగకుండా హైదరాబాద్ వెళ్లి ఇంకో సీసా యాసిడ్ తెచ్చి పెట్టారు. అత్తమ్మ మాత్రం ఆ వాసనకు చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "గది తాబేలా, నీ సవతా?" అని అడుగుతుంది.

గిరిజా, నెమ్మదిగా చదువు. తాబేలు దవడను లాగే కండరం ఒకచోట ఎముక మీదుగా మలుపు తిరుగుతుంది కదా. మన చెరువుల్లో తిరిగే తాబేళ్లలో ఆ మలుపు చెవిగూటి మీద ఉంటుంది. ఈ తలలో చెవిగూడు నున్నగా ఉంది. మలుపు అంగిలి పక్క నుంచి పొడుచుకొచ్చిన ఎముక మీద ఉంది, రెండు వైపులా. ఇది మెడను వెనక్కి లాక్కునే తాబేలు కాదు. పక్కకు మడిచి డొప్ప అంచు కింద దాచుకునే తాబేలు. ఆ వంశం ఇవాళ మన దేశంలో ఎక్కడా లేదు, ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉంది. ఆరున్నర కోట్ల ఏళ్ల కింద, ఒక లావా పొంగు చల్లారి మరొకటి పొంగేలోపు, మా న్యాల్‌కల్ మడుగులో బతికింది.

నీ వ్యాసాలన్నీ దీనికి ఎదురు. ఇదే పొరలో దొరికిన నీ డొప్ప ముక్కల తాబేలే మన చెరువు తాబేళ్లకు పూర్వీకురాలని రాశావు. దాని మీదే పెద్ద వ్యాసం అచ్చుకు పంపావని విన్నాను. నువ్వు ఓడిపోయావని నాకు సంతోషం కలిగింది. వంటింట్లో పాడుకున్నాను కూడా. ఇది నీకు చెప్పకుండా నేరుగా పత్రికకు పంపేద్దామని కవరు మీద చిరునామా కూడా రాశాను. కానీ నేను తప్పు చూశానేమో చెప్పగల మనిషి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. వచ్చి చూడు. తప్పైతే ముఖం మీదే చెప్పు.

నీ
సుమి

*

హైదరాబాద్,
2 నవంబర్ 1981

సుమీ, నా బంగారూ,

మీ ఇంటి నుంచి అట్లా లేచి వచ్చేసినందుకు నీకు కోపం వచ్చి ఉంటుంది. నువ్వు టీ పెట్టుకొచ్చేసరికి నేను బస్టాండ్ దారిలో ఉన్నాను. శివరాజ్ గారు వెనకాలే వచ్చి, "ఏమైందమ్మా? సుమిత్ర ఏమన్న అన్నదా?" అని అడిగారు. తలనొప్పి అని చెప్పాను.

నేను తప్పు పట్టడానికే వచ్చాను. బస్సులో దారి పొడుగునా నువ్వు ఏం పొరపడి ఉంటావో ఊహించుకుంటూ వచ్చాను. పగిలిన ఎముకను చూసి పొడుచుకొచ్చిన ఎముక అనుకున్నావనీ, యాసిడ్‌తో చెవిగూడు కరగదీశావనీ. నువ్వు పెరట్లో గుడ్డ విప్పి ఆ తలను నా చేతిలో పెట్టావు. పిడికిలంత ఉంది. కటకం పెట్టి ఒకవైపు చూశాను, రెండోవైపు చూశాను. నువ్వు ఎదురుగా కూర్చున్నావు. రాలిపోయిన ముక్కు తప్ప ఎక్కడా గీత పడలేదు. మా దగ్గర జీతానికి పనిచేసేవాళ్లలో కూడా ఎముకను అంత శుభ్రంగా విడదీసినవాళ్లను నేను చూడలేదు. నువ్వు రాసిందంతా నిజం. నా ఏడేళ్ల పని తప్పు.

అప్పుడు నువ్వు టీ పెడతానని లోపలికి వెళ్లావు. నేను తలను పట్టుకుని ఉన్నాను. కాళ్ల కింద గట్టి షాబాద్ బండల నేల. చేయి జారితే చాలు అనుకున్నాను. జారిందని అంటే నమ్ముతావు కూడా. నిజంగానే వేళ్లు వదులయ్యాయి సుమీ. వదులైన సంగతి తెలిసి కూడా ఒక క్షణం బిగించలేదు. ఆ తరవాత దాన్ని గుడ్డ మీద పెట్టి, చెప్పులు వేసుకుని వచ్చేశాను. నువ్వు టీ గ్లాసుతో వచ్చేదాకా ఉంటే నీ ముఖం చూడలేకపోయేదాన్ని.

నువ్వు నన్ను చూసి పడ్డది ఎట్లాంటి బాధో కిందటి ఉత్తరాల్లో చదివి, కోపం తెచ్చుకున్నానే గానీ నాకు అర్థం కాలేదు. ఇప్పుడు తెలిసింది. తిండి దగ్గరా, క్లాసులోనూ, ఎక్కడున్నా నీ చేతులే కనబడుతున్నాయి.

పత్రికవాళ్లకు నా వ్యాసం ఆపేయమని రాశాను. నీది పంపు. నా పేరు కలపాలని నీకు అనిపించినా కలపకు, అందులో నా పని ఏమీ లేదు. కొలతలు రాసే పద్ధతి తెలియకపోతే అడుగు, చెబుతాను. సంతోషంగా ఉన్నావా అని మాత్రం ఈ ఏడు అడగకు.

ఇంకొక్క మాట. ఆ తలను పెరట్లో ఉంచకు. ఇక్కడికి తీసుకొచ్చి మ్యూజియం వాళ్లకు అప్పజెప్పి, రసీదు తీసుకుని, బీరువాకు తాళం వేసేదాకా దగ్గరే నిలబడు. నేను మళ్లీ మీ ఇంటికి వచ్చేలోపు ఆ పని చెయ్యి.

నీ గిరిజ